పదకొండోసారి

కావలిలో ఓవర్‌బ్రిడ్జి దిగంగానే
పంక్చరు కొట్టు పైన నా ఆటల సెంటరు.
నాలుగు టీవీలు, ఐదు రిమోట్లు.
ఐదోది పనిచెయ్యదు,
అన్నల వెంట వచ్చే చిన్నపిల్లలకి ఇస్తాను,
ఆడుతున్నామనే అనుకుంటారు.
గంటకి నలభై.

తెలుగు మేష్టారు శేషశయనం గారు
కొడుకు చెవి మెలిపెట్టి దించుకుపోతూ అన్న మాట
మూడేళ్ళుగా ఈ మెట్ల మీదే ఉంది:
"గెలుపూ ఓటమీ ఉంటే అది ఆటయ్యా.
కథని ఎవరైనా గెలుస్తారా?"
నేను ఇంటర్ తప్పినవాణ్ణి.
నమస్కారం పెట్టి, వచ్చి ఏసీ పెంచాను.

మొన్న కార్తీకంలో కొత్తదొకటి వేశాను.
తుపాకీ లేదు, కారు లేదు, మార్కులు లేవు.
ఒక తల్లి, ఇద్దరు పిల్లలు, పైకొచ్చే నీళ్ళు.
ఎడమ బొటనవేలి కింద పిల్లోడి చెయ్యి
కుడి బొటనవేలి కింద పిల్ల చెయ్యి
నొక్కినంతసేపే పట్టు.
ఆఖర్న ఒక తాటిచెట్టు కొట్టుకొస్తుంది.
దాన్ని అందుకోవాలంటే
ఒక వేలు లేపాలి.

"ఏందన్నా ఇది, ఏడుపు గేము" అని
కుర్రాళ్ళు క్రికెట్టు పెట్టించుకున్నారు.
మస్తాన్ ఒక్కడే వదల్లేదు.
తుమ్మలపెంట పిల్లోడు, ఎనిమిదో తరగతి,
చొక్కాకి ఎప్పుడూ రొయ్యల మేత వాసన.

వాణ్ణి వెతుక్కుంటా వాళ్ళవ్వ కామాక్షమ్మ వచ్చింది,
ఖాళీ చేపల గంప గుమ్మంలో దించి.
తిట్టడానికే వచ్చింది, నోరు తెరిచింది కూడా.
తెర చూసి మూసుకుంది.

"యాడదిది?"
"యాడదీ కాదవ్వా. గేము."
"నీళ్ళు నీలంగా ఏసినారే.
నల్లంగా ఉంటాయి."

కూర్చుంది.
కింద కంప్రెసరు డగడగమంటా ఉంది.
మస్తాన్ రెండు వేళ్ళూ లేపలేదు. ముగ్గురూ పోయారు.
మళ్ళీ. ఈసారి ముందుగానే ఈదాడు. ముగ్గురూ పోయారు.
మళ్ళీ. చెట్టు వైపే పిల్లని నెట్టబోయాడు.
తెర చీకటైపోయి, మధ్యలో ఒక్క మాట:
మళ్ళీ?

"ఎన్నిసార్లాడినావబయా?"
"పదకొండు."
"ఇద్దరికీ దోవ యాడన్నా ఉండాదా?"
"లేదవ్వా. అంతా ఎతికినా. చేసినోళ్ళు పెట్టలా."

నా వైపు తిరిగింది.
"అంగడి నీది. నీకు తెలిసుంటది.
ఇంకా తెలివైనోళ్ళకి, ఇంకా బలమున్నోళ్ళకి...
దోవ లేదా?"
"లేదమ్మా" అన్నాను.

ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి.
కుడి బొటనవేలు చూపుడువేలి మీద
గోరు తెల్లబడేంతగా నొక్కి ఉంది.
"అయితే నాకు తెలీక కాదు" అంది.
మాలో ఎవరితోనూ అనలేదు.

మస్తాన్ నాయనకి ఒక చెల్లెలుండేదని
ఆ గాలివాన చూసిన ముసలోళ్ళకే తెలుసు.
రాత అన్నారంట అందరూ.
కూడు పెట్టినోళ్ళు అన్నారు, దండం పెట్టించినోళ్ళు అన్నారు.
అన్న వాళ్ళలో ఒక్కరూ
ఆమెతో పాటు ఆ నీళ్ళలోకి దిగి
ఇంకో దోవ ఉందేమోనని వెతికి చూడలేదు.
ఈ పిల్లోడు వెతికాడు. ఎవరికోసమో తెలియకుండానే,
నా దగ్గర గంటకి నలభై అప్పుపెట్టి.

మేష్టారూ, ట్రంకు రోడ్డులో మొన్న మీరు కనపడ్డారు.
స్కూటర్ ఆపి చెప్పాలనుకున్నాను,
మీరన్నది నిజమే, ఎవరూ గెలవలేదని.
సిగ్నల్ పడింది, వెళ్ళిపోయారు.

మంగళవారం కామాక్షమ్మ మళ్ళీ వచ్చింది.
మస్తాన్ పక్కన చాపేసుకుని కూర్చుని
చెయ్యి చాపింది.
"నాకు ఆ పని చెయ్యనిది ఈ నాయనా."

ఇచ్చాను.
వాడు ఆడుతున్నంతసేపూ
రెండు వేళ్ళూ నొక్కి పట్టుకునే ఉంది.